విదేశంలో పొలం పనికి వాలంటీర్‌గా వెళ్తున్నారా? ఇల్లు కదలకముందే చూసుకోవాల్సినవి

ఇటలీలో ఆలివ్ కోతలకు వెళ్తానని చెప్పినప్పుడు మా నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "జీతం ఎంత?" అని అడిగారు. జీతం లేదు, తిండి, పడక మాత్రం ఇస్తారు అన్నాను. "మరి మన పత్తి ఎవరు తీస్తారు?" అన్నారు. రెంటికీ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత వీసా వాళ్లూ, ఇన్సూరెన్స్ వాళ్లూ, చివరికి ఆ ఇటలీ రైతు కూడా అటూ ఇటూ తిప్పి ఆ రెండు ప్రశ్నలే అడిగారు. అక్కడ నువ్వు చేసేది ఏ పని? ఇక్కడ నీ పని ఎవరికి అప్పగించి వస్తున్నావు? ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పగలిగితే ప్రయాణం సగం సర్దుకున్నట్టే. అందుకే సామాను జాబితా నుంచి కాకుండా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

1. ఇది ఉద్యోగం కాదని ముందు మీకు మీరు చెప్పుకోండి

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దారి వూఫ్ (WWOOF), అంటే సేంద్రియ పొలాలకూ అక్కడ పని చేయాలనుకునే వాలంటీర్లకూ మధ్య పరిచయం కుదిర్చే సంస్థ. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేస్తున్న సూ కోపార్డ్ అనే ఆవిడ, వారాంతాల్లో ఊరి గాలి పీల్చుకోవాలనుకునే పట్నం వాళ్ల కోసం దీన్ని మొదలుపెట్టారు. మొదటి బృందం ససెక్స్‌లోని ఎమర్సన్ కాలేజీ పొలానికి వెళ్లింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఏ దేశానికి వెళ్లాలంటే ఆ దేశం వూఫ్‌లో సభ్యత్వం కట్టాలి. అప్పుడు సేంద్రియ రైతుల జాబితా కనిపిస్తుంది, నచ్చిన రైతుకు మీరే రాసుకోవాలి. మామూలుగా రోజుకు 4 నుంచి 6 గంటల పని. బదులుగా భోజనం, వసతి, నేర్చుకునే అవకాశం. డబ్బు చేతులు మారదు. విమానం టికెట్, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ మన జేబులోంచే.

ఇది ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. "ఫార్మ్ వాలంటీర్ వీసా, అక్కడికి వెళ్లాక నెలకు లక్షన్నర" అని చెప్పి లక్షలు అడిగేవాళ్లు మన జిల్లాల్లో తిరుగుతున్నారు. గల్ఫ్‌కి పంపిస్తామని చెప్పి ముంచిన పద్ధతే ఇది, పేరు మారింది అంతే. వాలంటీర్ పనికి జీతం ఉండదు. జీతం ఉందంటే అది ఉద్యోగం, దానికి వర్క్ వీసా కావాలి, పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో ఫోన్లోనే చూసుకోవచ్చు. మీకు నిజంగా సంపాదన అవసరమైతే ఈ దారి మీది కాదు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సంగతి డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

2. ఏ నెలలో వెళ్తారో ఇంట్లో కూర్చుని తేల్చండి

ఇంటర్నెట్‌లో ఎవరూ సరిగా చెప్పని విషయం ఇది. మధ్య ఇటలీలో ఆలివ్ కోతలు అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ చివరిదాకా. మన దగ్గర సరిగ్గా అప్పుడే పత్తి తీతలు, వరి కోతలు. సొంత చేలో మనుషులు దొరక్క అమ్మానాన్నలు అవస్థ పడుతుంటే, పరాయి చేలో ఉచితంగా కాయలు కోస్తున్నామన్న బాధ అక్కడ నిచ్చెన మీద ఉన్నప్పుడు కూడా వదలదు. నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. నా మొదటి ప్రయాణంలో తప్పు అదే. టికెట్ చౌకగా దొరికిందని తేదీ ఖాయం చేసుకున్నాను, ఇంట్లో తర్వాత చెప్పాను.

పొలం ఉన్న ఇల్లయితే ముందు గోడ మీద క్యాలెండర్ తీయండి. విత్తనం ఎప్పుడు, కలుపు ఎప్పుడు, కోత ఎప్పుడు, పంట అమ్మకం ఎప్పుడు అన్నీ నాన్నతోనో అన్నతోనో కూర్చుని గుర్తు పెట్టండి. ఖాళీగా మిగిలిన వారాలే మీవి. చాలా ఇళ్లలో అవి మార్చి నుంచి మే దాకా వస్తాయి. అప్పుడు యూరప్‌లో ఆలివ్ కోతలు ఉండవు. కానీ కూరగాయల మళ్లు తయారు చేయడం, నారు నాటడం, కలుపు తీయడం, గడ్డి కోయడం లాంటి పనులు కావలసినన్ని ఉంటాయి. నిజానికి నేర్చుకోవడానికి అదే మంచి కాలం. కోతల్లో ఒకే పని రోజూ చేస్తాం, వసంతంలో పది రకాల పనులు చూస్తాం.

ఇంట్లో చెప్పేటప్పుడు ఫోటోలు చూపించి ఊరించకండి. పొలం ఎక్కడ, ఎవరిది, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, ఆ డబ్బు ఎక్కడిది, తిరిగి వచ్చే తేదీ ఏది అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మా అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనకాల పెట్టుకుంది.

3. ఇక్కడే పదిహేను రోజులు చేసి చూడండి

పట్నంలో పెరిగినవాళ్లు ఈ మెట్టు దాటవేయకూడదు. వూఫ్ ఇండియా ద్వారా మన దేశంలోనే సేంద్రియ పొలాలకు వెళ్లవచ్చు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లోని సాధనా ఫారెస్ట్ కూడా వాలంటీర్లను తీసుకుంటుంది. అంతదూరం ఎందుకనుకుంటే మేనమామ చేను చాలు. కాకపోతే చుట్టంలా కాకుండా కూలీల వేళకు వెళ్లి కూలీల వేళకు రావాలి.

రెండో రోజు నడుము, మూడో రోజు అరచేతులు, అయిదో రోజు మనసు ఏం చెబుతాయో అక్కడే తెలుస్తుంది. గొంతుక్కూర్చుని గంట సేపు పని చేయగలుగుతున్నారా? ఇరవై కిలోల బుట్టను నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తగలుగుతున్నారా? లేకపోతే నెల ముందు నుంచి రోజూ నడక, గుంజీలు మొదలుపెట్టండి. ఇక్కడ బొబ్బలెక్కి గట్టిపడిన చెయ్యి అక్కడ పనికొస్తుంది.

4. దేశాన్ని బట్టి వీసా. అబద్ధం మాత్రం వద్దు

"డబ్బు తీసుకోవట్లేదు కదా, టూరిస్ట్ వీసా చాలు" అని చాలామంది అంటారు. అన్ని దేశాల్లో అది నిజం కాదు. న్యూజిలాండ్‌లో తిండికీ వసతికీ బదులుగా పని చేసినా అది పనే, దానికి తగ్గ వీసా కావాలి. బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లినవాళ్లు అక్కడ రిజిస్టరైన చారిటీ సంస్థకు మాత్రమే, అదీ 30 రోజులు మించకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు. మామూలు రైతు పొలం అందులోకి రాదు. కాబట్టి ముందు దేశం నియమం చదివి, ఆ తర్వాతే పొలం వెతకండి.

మీరు అనుకున్న దేశం కాన్సులేట్‌కు ఈమెయిల్ రాయండి. ఫలానా పొలం, రోజుకు ఇన్ని గంటలు, ఈ పనులు, డబ్బు తీసుకోను, భోజనం వసతి ఇస్తారు, దీనికి ఏ వీసాకు దరఖాస్తు చేయాలి అని నాలుగు వాక్యాల్లో అడగండి. జవాబు వస్తే ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి. వాళ్లు కుదరదంటే దేశం మార్చండి.

నేను వెళ్లేటప్పుడు ఒక ఏజెంటు, "వాలంటీర్ అన్న మాటే రాయొద్దు, హోటల్ బుకింగ్ డమ్మీది నేనిస్తా, అందరూ అంతే చేస్తారు" అన్నాడు. ఆ మాట వినుంటే విమానాశ్రయంలో "ఏ హోటల్?" అని అడిగినప్పుడు ఏం చెప్పేవాడినో ఊహించుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తప్పుడు కాగితం ఒకసారి దొరికితే తర్వాత పెట్టే ప్రతి వీసా దరఖాస్తుకూ అది అడ్డుపడుతుంది.

షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, ఇటలీ కూడా అందులోదే) గుర్తుంచుకోవాల్సిన లెక్కలు కొన్ని. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. ఆ పదిహేను రోజులను నమ్ముకోకండి, వీసా సెంటర్లో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ల సర్వీస్ ఛార్జీ వేరే. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

5. రైతును అడగడానికి మొహమాటపడకండి

మనకు ఎదుటివాళ్లను గుచ్చి గుచ్చి అడగడం అలవాటు లేదు, ముఖ్యంగా అన్నం పెట్టేవాళ్లను. ఇక్కడ అడగాలి. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు సెలవు? వాన పడితే ఏం పని? (తడి చెట్టు మీద ఆలివ్ కోయరు, కాబట్టి ఆ రోజు వేరే పని ఉంటుంది.) గది ఒక్కరికా, నలుగురికా? చలికి హీటర్ ఉందా? దగ్గర్లో బస్సు ఉందా, ఆసుపత్రి ఎంత దూరం? శాకాహారులైతే "చేప తింటారుగా" అనే అనుమానం కూడా రాకుండా ఏవి తింటారో, ఏవి తినరో రాయండి. నేను పప్పు, బీన్స్, పెరుగు, చీజ్ తింటాను, గుడ్డు కూడా తినను అని రాశాను. వాళ్లు సంతోషంగా శనగలు నానబెట్టి ఉంచారు.

అమ్మాయిలు ఇంకొన్ని అడగాలి. పొలంలో ఇంకా ఎవరెవరు ఉంటారు, గదికి లోపలి నుంచి గడియ ఉందా, ఇంతకుముందు వచ్చిన ఆడపిల్లలతో మాట్లాడించగలరా? వీడియో కాల్‌లో ఇల్లు చూపించమనండి. ఇవి అడిగితే చిన్నబుచ్చుకునే రైతు మీకు సరైన రైతు కాదు, అక్కడితో ఆపేయండి. ఇంకో పొలం దొరుకుతుంది. వెళ్లాక నచ్చకపోయినా అదే రోజు బయటపడి పట్నంలో మూడు రాత్రులు ఉండగలిగే డబ్బు విడిగా, ఎవరికీ చెప్పకుండా దగ్గర పెట్టుకోండి. ఇది మగపిల్లలకూ వర్తిస్తుంది.

6. ఇన్సూరెన్స్, టీకాలు

షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. చాలామంది అన్నిటికంటే చౌకగా ఉన్నది కొని వీసా ఫైల్లో పెట్టి మర్చిపోతారు. ఆ పాలసీ వెనక పేజీలు ఒక్కసారి చదవండి. చాలా ట్రావెల్ పాలసీలు శరీర శ్రమతో చేసే పనిలో తగిలిన దెబ్బలకు డబ్బు ఇవ్వవు. నిచ్చెన మీద నుంచి పడితే అది టూరిజం కాదు కదా. "పొలంలో వాలంటీర్ పని చేస్తూ గాయపడితే కవర్ అవుతుందా?" అని కంపెనీకి రాసి, అవునన్న జవాబు చేతికొచ్చాకే కొనండి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి ఒక్క ఘటన చాలు. 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లతీనా ప్రాంతంలో, కాగితాలు లేకుండా పొలం పని చేస్తున్న ఒక పంజాబీ కుర్రాడి చెయ్యి యంత్రంలో పడి తెగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లకుండా అతని ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. అతను కూలి కోసం వెళ్లినవాడు, మీరు వెళ్లేది వేరే పద్ధతిలో. కానీ యంత్రానికి ఆ తేడా తెలియదు. కాబట్టి బయలుదేరకముందే రైతుకు రాసేయండి: ట్రాక్టర్ నడపను, చైన్‌సా పట్టను, నేర్పకుండా ఏ మిషన్ దగ్గరకూ వెళ్లను అని. యూరప్ అంతా అత్యవసర నంబరు 112. ఫోన్లోనూ, ఒక కాగితం మీదా రాసుకోండి.

ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే బూస్టర్ తీసుకోండి. మట్టి, తుప్పు, ముళ్ల మధ్య పనికి వెళ్లేవాళ్లకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. పళ్లు చూపించుకోండి, అక్కడ డెంటిస్ట్ ఖర్చు భరించలేం. రోజూ వాడే మందులుంటే అన్ని రోజులకూ సరిపడా, డాక్టర్ చీటీతో సహా, చేతి బ్యాగులో పెట్టుకోండి.

7. సామాను: బూట్లు, తిండి

బట్టల గురించి పెద్దగా చెప్పను. ఉదయం చలి అయిదారు డిగ్రీలు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన. అందుకని ఒకే లావుపాటి కోటు కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకునే మూడు పొరలు మేలు. రెయిన్ జాకెట్, తోలు గ్లౌజులు, తలకు కట్టుకునే లైటు ఉండాలి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే, కత్తెర లాంటివి చెక్-ఇన్ బ్యాగులోనే.

బూట్లు మాత్రం కొత్తవి కొని అలాగే పెట్టెలో పెట్టుకుని వెళ్లకండి. రెండు మూడు వారాలు ఇక్కడ చేలో వేసుకుని తిరగండి, పాదానికి అలవాటు పడాలి. నేను అలాగే చేశాను. తర్వాత బ్రష్‌తో పైపైన తుడిచి పెట్టేశాను. అక్కడ మొదటి రోజు పొద్దున రైతు నన్ను గుమ్మం దగ్గరే ఆపి, వంగి, నా బూటు తిరగేయమని సైగ చేశాడు. మడమ దగ్గర గాళ్లలో మా చేని నల్లరేగడి ఎండి రాయిలా ఇరుక్కుని ఉంది. జేబులోంచి పుల్ల తీసి ఒక్కొక్క గాడీ గీకి, రాలిన మట్టిని కాగితంలో చుట్టి పొయ్యిలో వేశాడు. ఒక్క మాట అనలేదు. ఆ సిగ్గు ఇంకా గుర్తుంది.

ఆయన భయానికి కారణం ఉంది. 2013లో ఇటలీ దక్షిణాన పూలియాలో జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. వందల ఏళ్ల వయసున్న ఆలివ్ చెట్లు లక్షల్లో నిలువునా ఎండిపోయాయి. అది మట్టితో రాదు. తెగులు సోకిన మొక్కతో వస్తుంది, రసం పీల్చే పురుగులు చెట్టు నుంచి చెట్టుకు అంటిస్తాయి. మట్టితో వచ్చే వేరుకుళ్లు, నులిపురుగులు వేరే. అందుకే యూరప్‌లోకి బయటి మట్టినీ రానివ్వరు, కాగితాలు లేని మొక్కనీ రానివ్వరు. మన మామిడిపండ్లలో, వంకాయ, కాకర, పొట్లకాయ, చామల్లో పురుగులు దొరికాయని 2014 మేలో వాటి దిగుమతినే ఆపేశారు. మామిడి మీద నిషేధం 2015లో గానీ ఎత్తలేదు.

కాబట్టి అమ్మ సర్దే తిండి సంచిని మీరు ఒకసారి విప్పి చూడాలి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడికాయ, నిమ్మకాయలు కుదరవు. తాజా పండ్లలో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానిచ్చేవి అయిదే: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డురియన్. నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసం పచ్చళ్లు అసలే వద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురానివ్వరు. నేతి సున్నుండల బదులు బెల్లం నువ్వుండలు చేయించుకోండి. ఆవకాయ, కందిపొడి, కారం, పసుపు, ఇంగువ హాయిగా తీసుకెళ్లవచ్చు. ఆవకాయ సీసాలో వద్దు. డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టండి. ఒక కిలో ఎక్కువ పెట్టుకోండి, అక్కడివాళ్లు రొట్టెతో నంజుకుని అయిపోగొడతారు.

తిరిగొచ్చేటప్పుడూ ఇదే మాట. ముచ్చటపడి ఆలివ్ కొమ్మో, గుప్పెడు విత్తనాలో సంచిలో వేసుకోకండి. అనుమతి పత్రం, అక్కడి ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క, విత్తనం తేవడానికి మన క్వారంటైన్ నియమాలు ఒప్పుకోవు. గానుగలో అప్పుడే తీసిన కొత్త నూనె సీసా తెచ్చుకోండి. గొంతులో మిరియంలా గుచ్చుతుంది, పాడైపోయిందేమోనని అమ్మ అనుమానిస్తే కొత్త నూనె గుణమే అదని చెప్పండి.

నాలుగు మాటలు కూడా నేర్చుకోండి. ఇటలీలో "అయూతో" అంటే సాయం చేయండి అని, "పియానో" అంటే మెల్లగా అని. "బస్తా" అంటే చాలు అని అర్థం. మన బస్తా అనుకుని నేను రెండు రోజులు ఆయన ఆపమన్నప్పుడల్లా సంచి తెచ్చి ఇచ్చాను.

8. ఇల్లు అప్పగించడం

బ్యాంకు ఓటీపీలన్నీ వచ్చే సిమ్‌కు రోమింగ్ వేయించండి. అది ఆగితే ఓటీపీ అడిగే చోట కార్డు ఉన్నా పనిచేయదు. పీఎం కిసాన్ కేవైసీ, పంట బీమా, అప్పు వాయిదాలు మీ ఫోన్ మీద నడుస్తుంటే వాటి గడువు తేదీలు రాసి ఇంట్లో ఒకరికి నేర్పించి వెళ్లండి. పాస్‌పోర్టు, వీసా, పాలసీ కాపీలు ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. మీరు లేనప్పుడు కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చే వెళ్లండి. జీతం లేని పనికి వెళ్తూ ఇంటి మీద అదనపు ఖర్చు వేయకూడదు.

ఫోన్ వేళ కూడా ఖాయం చేయండి. ఇటలీ మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి చేసే ఫోన్ తొమ్మిదింటికి వెళ్లేసరికి అమ్మ అన్నం తినకుండా ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

9. చివరి వారం

సంచి తూకం వేయండి, మోయలేనిది తీసేయండి. రైతుకు విమానం వేళ, బస్సు వేళ, మీ ఫోటో పంపి, స్టేషన్‌కు ఎవరు వస్తారో అడగండి. బూట్లు మూడు రోజుల ముందే సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. తడివి సంచిలో పెడితే బూజు పడతాయి.

రెండోసారి నేను బయలుదేరేటప్పుడు బూట్లు కుళాయి దగ్గర నానబెట్టి లోపలికి వెళ్లొచ్చేసరికి, నాన్న గట్టు మీద కూర్చుని వేపపుల్లతో గాళ్లు గీకుతున్నారు. తల ఎత్తకుండానే, "ఈసారి వాళ్ల దగ్గర ఏం పని?" అని అడిగారు. టమాటా నారు నాటడం అన్నాను. "నారు తీశాక వేళ్లు ఎండకుండా దేంట్లో ముంచుతారో చూసి రా" అన్నారు.